పాప గొంతు మళ్లీ వస్తుందన్నారు

ఐటీ మంచి ఊపు మీదున్న రోజుల్లో, విదేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో ఒక చిన్న కంపెనీలో చేరాను. పిల్లల పాఠాలను బొమ్మలతో, మాటలతో సీడీలుగా చేసేవాళ్లం. తెరమీది బొమ్మను నొక్కితే అది మాట్లాడేలా చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. నాకు దాన్ని నేర్పింది మా సీనియర్, మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగాయన. అన్నా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను 'మా' అనేవాడు, అక్కడివాళ్లలాగే మాట చివర 'లా' తగిలించేవాడు.

అన్నకు ఒక్కతే కూతురు. తల్లి లేదు. పాపకు అన్నీ వినపడతాయి, అర్థమవుతాయి, మాట మాత్రం రాదు. అన్న ఆ సాఫ్ట్‌వేర్‌తోనే పాప కోసం బొమ్మల పలక ఒకటి తయారుచేశాడు. అన్నం బొమ్మ నొక్కితే "ఆకలేస్తోంది" అంటుంది. తలుపు బొమ్మ నొక్కితే "బయటికెళ్దాం" అంటుంది.

"నా గొంతు ఆడపిల్లకు నప్పదు మా, నువ్వు చెప్పు" అన్నాడు. మైక్ ముందు కూర్చుని మాటలన్నీ చెప్పి రికార్డు చేశాను. అప్పటినుంచి పాప నా గొంతుతో మాట్లాడేది. అదే నగరంలో బుకిట్ బటోక్‌లో వాళ్ల ఫ్లాట్‌కి ఎప్పుడు వెళ్లినా, తలుపు తీసేలోపే లోపలినుంచి నా గొంతే "నాన్నా, ఇటు రా" అని గదమాయిస్తుండేది. భలే గర్వంగా ఉండేది నాకు.

తర్వాత కంపెనీ మూతపడింది. ఆ సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసేవాళ్లు కూడా దాన్ని ఆపేశారు. కొత్త కంప్యూటర్లలో అది తెరుచుకోదు. అన్న పాత కంప్యూటర్‌కే ఆ పార్టూ ఈ పార్టూ వేసి నెట్టుకొచ్చాడు. నేను వేరే ఉద్యోగంలో చేరినా ఫోన్ చేస్తూనే ఉండేవాడు.

"ఎవరో ఆ సాఫ్ట్‌వేర్‌ని కొన్నారట మా. కొత్త వెర్షన్ తెస్తారట."

"ఎవరు చెప్పారు?"

"ఇంటర్నెట్‌లో అనుకుంటున్నారు లా."

ఆ 'అట'లు వింటే నాకు ఒళ్లు మండేది. "వాళ్లకి పనీపాటా లేదన్నా. కొత్తదాంట్లో మళ్లీ చేసేద్దాం. ఎన్ని మాటలైనా చెప్తాను."

"రెండుసార్లెందుకు? వస్తది. ఓపిక పట్టు."

ఒకసారి వచ్చే పండక్కి అన్నారట, ఇంకోసారి ధర కూడా చెప్పారట. ఉత్త మొండిమనిషి అనుకున్నాను. అంత చెయ్యి తిరిగినవాడు మళ్లీ అఆల దగ్గర కూర్చోవాలంటే ఎంత కష్టమో ఆ వయసులో నాకు తట్టలేదు.

ఒక రోజు ఫోన్ చేసి, "కంప్యూటర్ పోయింది మా. నువ్వొకసారి రా" అన్నాడు. ఆ గొంతు వింటేనే భయమేసింది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. "మకాన్ అయిందా, తిన్నావా?" అని అడిగి, నా జవాబు వినకుండానే అన్నం వేడిచేయడానికి వంటింట్లోకి వెళ్లాడు. పాప నల్లటి తెర ముందు కూర్చుని మౌస్ నొక్కుతోంది. "పాపా" అని పిలిచాను. గిరుక్కున తిరిగింది. నన్ను చూసింది, కంప్యూటర్ని చూసింది, లేచి దాని వెనక్కి తొంగిచూసింది. తర్వాత నా దగ్గరకొచ్చి, నా గడ్డం మీద వేలు పెట్టి నొక్కింది. రెండో చెయ్యి వంటింటివైపు చాపింది.

"నాన్నా, ఇటు రా" అన్నాను.

అన్న గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. "వచ్చా తల్లీ, వచ్చేశా" అన్నాడు పాపతో. నల్లటి తెరవైపు ఒకసారి చూశాడు. గరిటె పక్కన పెట్టి, "అది ఇంక రాదు మా. మైక్ తెచ్చావా?" అన్నాడు.

ఇన్నాళ్లూ నేను వినాలనుకున్న మాట అదే. విన్నాక ఏడుపొచ్చింది.

అన్నం అయ్యాక మైక్ ముందు కూర్చున్నాను. ముందుగా "నాన్నా, ఇటు రా" చెప్పమన్నాడు అన్న. నోరు తెరిచాను కానీ మాట రాలేదు. తను సరిగ్గా నొక్కలేదనుకుందేమో, పాప నా గడ్డం మీద వేలు పెట్టి ఈసారి గట్టిగా నొక్కింది.