దూలపల్లి దేశపు పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. ఆసుపత్రి నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "అక్క ఇగ లేదు బిడ్డా" అన్నాడు. సరేనని ఫోన్ పెట్టేసి, అలవాటు కొద్దీ రెండు గ్లాసుల చాయ పెట్టాను. ఒకటి నాకు, ఒకటి గోడ అవతలికి. గ్లాసు గోడ మీద పెట్టాక గానీ నాకు ఏడుపు రాలేదు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. దూలపల్లిలో మేము ఇల్లు కట్టుకునేనాటికే ఆమె పక్కింట్లో ఉంది. వాళ్ల నాయిన సిద్దీ. నిజాం కాలంలో గుర్రపు దళంలో పనిచేయడానికి ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల వంశం. అమ్మ శామీర్‌పేట దగ్గర చేపలు పట్టే ముదిరాజుల ఆడబిడ్డ. నాయిన రంగు, నాయిన జుట్టు, అమ్మ నోరు వచ్చాయి ఈమెకు. ఉద్యోగం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. "గా నౌకరి మస్తు సుఖం బిడ్డా. ఫోన్ల నన్ను ఎవ్వలు ఏ దేశమని అడగలే" అనేది.

బయట మాత్రం అడగనివాళ్లు లేరు. కూరగాయల బండి దగ్గర, బస్సులో, బ్యాంకులో. ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే: "దూలపల్లి." అడిగినవాళ్లు తికమకపడి, "అది కాదమ్మా, అసలు దేశం?" అంటే, "అసలు దూలపల్లే. నకిలీది ఇంకోటున్నదా?" అనేది. కోపంగా కాదు. బేరం ఆడుతున్నట్టు, నవ్వుతూ.

ఆమె సభల్లో మాట్లాడటం మొదలైంది మా కాలనీ జెండా వందనం రోజున. కొత్తగా వచ్చిన ఒకాయన, "ఆ నైజీరియా ఆమెకు ఇల్లు ఎవరు కిరాయికిచ్చిన్రు?" అని పక్కాయనను అడిగాడు. మెల్లగా అడిగాననుకున్నాడు గానీ ఎక్స్ఛేంజిలో పనిచేసిన చెవులాయె. పెద్దమ్మ తిన్నగా వెళ్లి మైకు తీసుకుంది. ఏమీ మాట్లాడకుండా నిలబడింది. జనం గుసగుసలాడి, చూసి, చూసి, చివరికి ఊరుకున్నారు. అప్పుడంది: "సూసుడు అయిపోయిందా? ఇగ ఇనుర్రి." ఆ తర్వాత వాళ్ల అమ్మ వల విసిరే తీరు, నాయిన పెళ్లిళ్లలో మర్ఫా డప్పు వాయించే తీరు, ఆ ఇద్దరి పెళ్లికి రెండు దిక్కుల వాళ్లూ అలిగి, చివరికి విందు దగ్గర కలిసిపోయిన తీరు చెప్పింది. నైజీరియా అన్న పెద్దమనిషే అందరికన్నా ఎక్కువ నవ్వాడు. లడ్డూలు పంచేటప్పుడు ఆయనకు రెండు ఇచ్చింది.

ఆ తర్వాత బడుల వాళ్లు, కాలేజీల వాళ్లు పిలవసాగారు. ప్రతిచోటా ముందు జనాన్ని కడుపునిండా చూడనిచ్చేది. "ఆళ్ల కండ్లు ఆకలి మీదుంటయి. ముందుగాల ఆకలి తీరాలె. గప్పుడే చెవులు తెరుసుకుంటయి" అనేది.

గాజులరామారంలో ఒక బడి సంగతి చెప్పకపోతే ఈ స్మృతికి అర్థం లేదు. ఆ రోజు నేనూ మా అమ్మాయీ కూడా వెంట వెళ్లాం. ఆ బడివాళ్లు ఆమె ఫోటో చూసి, పేరు చూసి, ఆఫ్రికా అతిథి అనుకున్నారు. హెడ్‌మాస్టరు గారు పాపం రాత్రంతా కంఠస్థం చేసి ఇంగ్లీషులో స్వాగతం చెప్పారు. ఒక పంతులమ్మ దగ్గరికొచ్చి, ఒక్కో మాటా విడదీసి, చేత్తో గ్లాసు చూపిస్తూ "యూ... టీ?" అంది. పెద్దమ్మ ఆమె చేయి పట్టుకుని, "అల్లం ఏసి తేరాదూ బిడ్డా, గొంతు పట్టింది" అంది. నాకు నవ్వాగలేదు. హెడ్‌మాస్టరు గారి ముఖం కందగడ్డ అయింది. పెద్దమ్మ మైకు అందుకుని, "సారుది తప్పేం లేదు. అప్పుడప్పుడు అద్దంల జూసుకుంటె నాకే గట్లనిపిస్తది" అంది. ఆయన పరువు కాపాడింది.

ఆ రోజే ఒక పిల్ల లేచి, "మీలో మీ అమ్మ ఎంత, మీ నాయిన ఎంత?" అని అడిగింది. పెద్దమ్మ ఆలోచించింది. "బగారన్నం తినేటప్పుడు లవంగాలు ఏరి పక్కకు వెడ్తరు గదా. వాసన ఏరుతరా?" అంది. పిల్లలకు ఎంత అర్థమైందో తెలియదు గానీ, నా పక్కన కూర్చున్న మా అమ్మాయి తల వంచుకుంది.

మా ఇంటి గొడవ కూడా చెప్పాలి. మా ఆయనది మణిపూర్. జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. నాది మేడ్చల్. మా అమ్మాయికి తండ్రి కళ్లు వచ్చాయి. ఒకసారి పేరెంట్స్ మీటింగుకు ఆయన వెళ్లొచ్చిన మర్నాడు, తరగతిలో పిల్లలు వేళ్లతో కళ్లు సాగదీసి "చైనా, చైనా" అన్నారట. అప్పటి నుంచి "డాడీ రావద్దు" అని పట్టుబట్టింది. టీచరు అడిగితే "డాడీకి డ్యూటీ" అని చెప్పేది. ఆయన మీటింగు రోజున సెలవు పెట్టుకుని మరీ ఇంట్లో కూర్చుని, కడిగిన బండినే మళ్లీ కడిగేవాడు. నేనొక్కదాన్నే వెళ్లి మార్కుల కార్డు మీద సంతకం పెట్టి వచ్చేదాన్ని.

పెద్దమ్మతో చెప్పించాలని చూశాను. "మీరు ఊరందరికీ చెప్తారు, దీనికొక్కదానికి చెప్పండి" అన్నాను.

"నేను జెప్తె నా మాటైతది. దాని మాట దానికి రావాలె" అంది. ఎంత బతిమాలినా కదల్లేదు. అప్పుడు నాకు కోపం కూడా వచ్చింది.

చెప్పలేదు గానీ, ఆదివారం ఎక్కడ సభ ఉన్నా అమ్మాయిని వెంట తీసుకుపోయేది. మాట్లాడటం నేర్పింది. "సభ అంటే ఏం లేదు బిడ్డా. ఒక్క మనిషి, గా మనిషి పక్కన ఇంకో మనిషి. నువ్వు ముందటి ఒక్కనితోనే మాట్లాడు" అనేది. నాగారంలో ఒక కాలేజీలో మైకు దీని చేతికిచ్చి, "మీ నాయిన గురించి ఒక్క ముచ్చట జెప్పు" అంది. ఇది మైకు పట్టుకుని నిలబడి, నిలబడి, తిరిగి ఇచ్చేసింది. పెద్దమ్మ వచ్చేటప్పుడు దారిలో మొక్కజొన్న కంకులు కొనిపెట్టింది. ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరింది ఆ తర్వాతే.

ఎలా సాగనంపాలో పెద్దమ్మ ముందే తేల్చి పెట్టింది: "మట్టిల వెట్టుడు రెండు దిక్కులా ఉన్నదే. కొట్లాడకుర్రి." శామీర్‌పేట చెరువు దగ్గర, వాళ్ల అమ్మవాళ్ల చెలక పొలంలో పెట్టారు. నాయినవైపు వాళ్లు పట్నం నుంచి వచ్చి ముస్లిం పద్ధతిన ఫాతిహా చదివారు. మూడో రోజు అమ్మవైపు వాళ్లు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి, దూరం జరిగి, కాకి ముట్టే దాకా నిలబడతారు మా దిక్కున. కాకి ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో మనాది, తీరని దిగులు మిగిలిందని లెక్క. అప్పుడు తనవాళ్లు గట్టిగా, అందరూ వినేలా, ఆ మనిషికి మాట ఇవ్వాలి.

అన్నం, చేపల పులుసు, అల్లం చాయ పెట్టారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు ఖుబానీ మీఠా కూడా పెట్టారు. కాకి కరెంటు తీగ మీద కూర్చుంది. కిందికి రాలేదు.

"ఎవలన్న మాట ఇయ్యుర్రి. అక్క మనసుల ఏదో వెట్టుకున్నది" అన్నాడు తమ్ముడు. తనే ముందుగా, "అక్కా, నీ ఇల్లు పాడువెట్టం" అన్నాడు. కాకి రాలేదు. నాయినవైపు ముసలాయన ఒకరు, "ఆపా, ఫికర్ జెయ్యకు. మేమందరం కలిసే ఉంటం" అన్నారు. రాలేదు. ఎండ ముదిరింది. ఆడవాళ్లు కొంగులు తల మీదికి లాక్కున్నారు.

అప్పుడు మా అమ్మాయి నా పక్క నుంచి కదిలి ముందుకు వెళ్లింది. ఆపుదామని చేయి చాపాను, అందలేదు. అంత మంది ముందు, విస్తరి వైపు తిరిగి నిలబడింది.

"అవ్వా! ఇగ మీటింగుకు డాడీని తోల్కపోత. నేనే ముందట నడుస్త. ఎవలన్న అడిగితె, ఈయన మా డాడీ, మణిపూర్ నుంచి వచ్చిండని నేనే సెప్త. నువ్వు పరేషాన్ గాకు."

కాకి దిగింది, దిగిందని ఎవరో అన్నారు. నేను అటు చూడలేదు. మా ఆయన అందరికీ వెనకాల, ఎప్పటిలాగే దూరంగా నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలుగు అంతంతమాత్రమే. నేను వెళ్లి చెప్పాలేమోననుకున్నాను. ఈలోగానే చేతిలో ఉన్న హెల్మెట్ తీసి తలకు పెట్టుకున్నాడు. అద్దం కూడా కిందికి దించుకున్నాడు. బండి ఎక్కడో రోడ్డు మీద ఉంది. అంత ఎండలో, చెరువు పక్కన చెలకలో, హెల్మెట్ పెట్టుకుని మా ఆయన అలాగే నిలబడ్డాడు.