వలలో మఠానికి

రంగూన్‌లోని లత పేటలో మేడల మీదివారు తాడు వదిలి కూరగాయల సంచి పైకి లాక్కుంటుంటే, ఆ తాడు ఎంత బరువు మోస్తుందో నా మనసు అప్రయత్నంగా లెక్క వేస్తుంది. వెంటనే ఒక గ్రీకు ముసలాయన గుర్తుకొస్తాడు. పంతొమ్మిది వందల ఇరవైలలో నేను ఇక్కడి రేవులో క్రేనులు తనిఖీ చేసేవాణ్ణి. మా చిన్నాన్న అక్కడే కూలీల మేస్త్రీ. ఆ ముసలాయన ఓడల్లో వంట చేసి, మోకాళ్ళు చెడిపోయాక సేక్కాన్ రేవు పక్కనే ఒక గదిలో ఉండేవాడు. పసితనంలో వాళ్ళ దేశపు ఆర్థడాక్స్ క్రైస్తవ మఠంలో పెరిగాడట. అందుకే కూలీలకు ఆయన ‘సన్నాసి దొర’.

ఆ మఠం చరిత్రను ఆయన రేవు హిందుస్తానీలో చెప్పేవాడు. స్తంభంలా నిలువుగా లేచిన కొండ. తొలుత సన్యాసులు దాని గుహల్లో ఒంటరిగా ఉండేవారు. దోపిడీ దండులు తిరగసాగాక కొండ నెత్తికి చేరారు. రాయి, సున్నం, గంట, చివరికి మనుషులు కూడా వలలో కూర్చుని పైకి పోవలసిందే. పైన కొయ్య రాట్నం. దాని అడ్డకర్రలు పట్టుకొని సన్యాసులు చుట్టూ తిరిగితే తాడు చుట్టుకునేది. ఆయన ప్రార్థనల గురించి చెప్పబోతే, ఆ తాడు ఏ నారతో పేనినది, వల రాతికి ఒరుసుకోదా అని నేను అడ్డుతగిలేవాణ్ణి.

ఒకనాడు ఆయన దేశపు నావికుడొకడు వచ్చి, కొండకు మెట్లు తొలిచారని, వల ఇప్పుడు సరుకులకేనని చెప్పాడు. కడపటి రోజులు అక్కడే గడపాలనుకున్న మనిషి డీలాపడ్డాడు. ఆ మోకాళ్ళతో మెట్లెక్కలేడు. సరుకుతోపాటు వలలో వెళ్ళవచ్చు. కాని ఈ వయసులో గుండె తట్టుకుంటుందా? అది తేలితేనే ప్రయాణమన్నాడు. మా క్రేను వలలో ఒక్కసారి ఎత్తి చూడమని చిన్నాన్నను బతిమాలాడు.

“కొక్కేనికి మనిసిని తగిలించకూడదు దొరా,” అన్నాడు చిన్నాన్న. “మూటకి కాళ్ళుండవు, బయ్యముండదు.”

నేను తర్జుమా చేశాను.

“నాకూ కాళ్ళు లేవు. భయమే మిగిలింది,” అన్నాడు ముసలాయన.

చిన్నాన్న క్రేను వల తెప్పించాడు. ముందు బియ్యం బస్తాలు వేసి ఎత్తించి, దింపించాడు. “ఒరే, వల సూసినావేటి?”

“చూశాను చిన్నాన్నా. ముడులన్నీ గట్టిగానే ఉన్నాయి.”

“అయితే నువ్వూ ఎక్కు. నాను కిందనుండి సూస్తాను.”

మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా ఇద్దరం వలలో ఇరుక్కున్నాం. నేల వదిలినప్పుడు కేక వేసింది నేను. ఆయన కళ్ళు మూసుకొని, వణుకుతూ, ఏదో స్తోత్రం గొణిగాడు.

“ఏటి సామీ, పేనాలున్నాయా?” కింద నుంచి చిన్నాన్న.

ముసలాయన కళ్ళు తెరిచాడు. ఏటికి అవతల దలా ఊరి పొలాలు కనబడుతున్నాయి. వణుకు తగ్గలేదు కాని, చూపుడువేలు మాత్రం ఆకాశం వైపు లేపాడు: ఇంకా పైకి.

ఆ నెలలోనే ఓడెక్కాడు. చేరాడో లేదో తెలియదు. కాలం కొత్త దారి వేసిన వెంటనే పాత దారిని మూసివేయదు. మోకాళ్ళు అరిగినవారి కోసం కొన్నాళ్ళు ఉంచుతుందని నాకు ఈ వయసులో అర్థమవుతోంది.