కరువు ఏడాది తాళం

చరిత్ర పుస్తకంలో ఆ కరువుకు దక్కింది ఒకే వాక్యం. వానలు ముఖం చాటేశాయట, జనం పిట్టల్లా రాలిపోయారట. నేరం వానల మీదికి నెట్టేస్తే ఎవరికీ నొప్పి ఉండదు. కొట్ల నిండా ధాన్యం ఉందనీ, ఆ కొట్లకు తాళాలున్నాయనీ, వాటిని ఎవరో ఒకరు చేశారనీ పుస్తకం చెప్పదు. ఆ పాఠం పిల్లలకు చెప్పే పంతులమ్మకు మాత్రం తెలుసు. చేసినవాడు ఆమె ముత్తాతే.

తాళాలాయన అనేవారు అతన్ని. పనిలో అతనికో పట్టింపు ఉండేది. తాళం అప్పగించేటప్పుడు, తాళంచెవి పోసిన అచ్చును కొన్నవాడి కళ్లముందే సుత్తితో పగలగొట్టేవాడు. “ఇక దీన్ని తియ్యడం నా తరం కూడా కాదు” అని మీసం మెలేసేవాడు.

కరువు మొదట్లో షావుకారు తన కొట్టుకు అలాంటిదే చేయించుకుని, కూలి కింద బస్తా గింజలిచ్చాడు. అవి నిండుకునేసరికి గింజల ధర ఆకాశానికెక్కింది. తాళాలాయన చిన్నకూతురికి కాళ్లు వాచాయి.

“నువ్వు చేసిందేగా. పోయి తియ్యి” అంది భార్య.

“పరువు పోతుందే.”

“పిల్లే పోతోందయ్యా.”

షావుకారు కొట్టు కాపలావాడు భోజనానికి వెళ్లిన వేళ చూసి వెళ్లాడు. గోడవారగా పడి ఉన్న జనం ఆశగా లేచి కూర్చున్నారు. తెచ్చిన ఇనప చువ్వలన్నీ పెట్టి తిప్పాడు. తాళం ఇసుమంతైనా కదల్లేదు. చెప్పడానికి నోరు రాదు గానీ, ముచ్చెమటలు పోస్తున్న ఆ మనిషి లోపల రవ్వంత గర్వం కూడా మెదిలింది.

కాపలావాడు తిరిగొచ్చి వీపు విమానం మోత మోగించాడు. షావుకారు మాత్రం పోలీసులను పిలవలేదు. చేసినవాడికే లొంగని తాళమని ఊరంతా తనే చాటుకున్నాడు. ఆ వారమే పిల్ల పోయింది.

వానలు పడ్డాక మొదట వచ్చిన బేరం ఒక బట్టల వ్యాపారిది.

“బిడ్డ చస్తున్నా నీకే తెరుచుకోలేదటగా. నాకూ అలాంటిదే ఒకటి చేసిపెట్టు” అన్నాడు.

భార్య లోపలి గదిలోంచి వింటోంది. తాళాలాయన తలెత్తలేదు.

“తలుపు మందం ఎంత?” అని అడిగాడు.