రెండు బస్సు బొమ్మలు

తలమీద చెయ్యి పెట్టుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగినవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. నిన్న కోడేరులో చిన్నమ్మ ఇంటికి వెళ్తే, గోడమీది బస్సు బొమ్మ ఒక మూల ఊడి వేలాడుతోంది. తమ్ముడు నా చెయ్యి పట్టి లాక్కెళ్ళి, అన్నం మెతుకులు తెచ్చిచ్చి మరీ అంటింపించాడు. వాడు చిన్నమ్మ కొడుకు. ముప్పై దాటాయి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ, మాటలు నాలుగైదుకు మించి రావు.

ఏడెనిమిదేళ్ళ కింద వాడు గోడకు తల బాదుకునేవాడు, ఆపబోతే కొరికేవాడు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాం. చివరికి చిన్నాయన వాణ్ణి మంచానికి తాడుతో కట్టేశాడు. ఎక్కడో దూరాన ఏదైనా ఆశ్రమంలో వదిలేద్దామన్న మాట ఇంట్లో నానుతుండగా, ఇట్లాంటివాళ్ళ కోసమే నాగర్‌కర్నూల్ దవాఖానకు వారానికోసారి ఒక మేడం వస్తుందని తెలిసింది. ఆమె మొదట వాడి పళ్ళూ చెవులూ డాక్టర్లకు చూపించి, నొప్పేదీ లేదని తేల్చుకుంది. తర్వాత ఒక నోటుబుక్కు ఇచ్చి, వాడు తల బాదుకునే ప్రతిసారీ అంతకుముందు ఏం జరిగిందో రాయమంది. అప్పట్లో పక్కిల్లు మాదే, చదువొచ్చినవాణ్ణీ నేనే. ఆ పని నా చేతిలో పడింది. అదే పొరపాటు.

వారం తర్వాత చదివి, ఆమె కళ్ళద్దాలు తీసింది.

"అన్నా, వారంల మూడుసార్లు పిడుగు పడిందా? నాగుపాము గూడ వచ్చిందని రాసినవ్."

"జర రుచి ఉండాలె గద మేడం."

"రుచి నాకొద్దు. చూసింది రాయి. లేకుంటే మీవోళ్ళు ఈయన్ని పంపిచ్చేస్తరు."

జీవితంలో మొదటిసారి చూసింది చూసినట్టు రాశాను. పేజీల నిండా ఒకటే తేలింది: సంచి. సంతకోసం సంచి దించినా సరే, తమ్ముడు గోడ దగ్గరికి పోయేవాడు. చిన్నమ్మావాళ్ళు ఏటా వాణ్ణి మా అమ్మ దగ్గర వదిలి బొంబాయి పనులకు పోయేవాళ్ళు. ఏడుస్తాడని, వాడు నిద్ర లేవకముందే చెప్పకుండా బస్సెక్కేవాళ్ళు. అది మా ప్రేమ. వాడికి మాత్రం సంచి దిగిందంటే తల్లి మాయమైపోవడమే.

"చెప్పి పోవాలె," అంది మేడం.

"చెప్తె ఏడుస్తడు గదమ్మా," అంది చిన్నమ్మ.

"ఏడ్వనీ. ఏడ్చుడు వేరు, తల పగలగొట్టుకునుడు వేరు."

గోడకు రెండు బొమ్మలు అంటించాం: పోయే బస్సు, వచ్చే బస్సు. చిన్నమ్మ రోజూ సంచి తీసి, వాడికి ఆ రెండూ చూపించి, వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చేది. తర్వాత బస్సెక్కి తెలకపల్లి దాకా. నెలలోనే తల బాదుకోవడం ఆగింది, ఆశ్రమం మాటా ఆగింది.

ఒకటి ఒప్పుకోవాలి. నెలలో ఆగలేదు. రెండేళ్ళు పట్టింది, ఇప్పటికీ అప్పుడప్పుడు చెయ్యి కొరుక్కుంటాడు. వాణ్ణి కట్టేసింది కూడా చిన్నాయన కాదు, నేను. ఏళ్ళు గడిచేకొద్దీ నేను చెప్పే కథలన్నీ పెరుగుతూనే ఉన్నాయి గానీ, ఆ ముడి వేసిన రోజు మాత్రం ఉన్నదున్నట్టే ఉంది.