ఎనుము తిన్న సంగటి

నేను క్షమించే మనిషిని కాను. ఉపదేశి భార్యనై ఉండి ఈ మాట రాయకూడదని తెలుసు. ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు క్షమాపణ మీద పాఠాలు చెప్పాను. బాగానే చెప్పానని అందరూ అన్నారు కూడా. నాకు మాత్రం ఆ గుణం అబ్బలేదు. అందుకే ఆ శనివారం నుంచి సోమవారం దాకా జరిగింది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు మా కాపురం నాగలమడిక దగ్గర ఒక పల్లెలో. మహారాజావారి పాలన. చుట్టూ ఇంగ్లీషువాళ్ళ సీమ, మధ్యలో తెగిపడిన ముక్కలాగా మా పావగడ తాలూకా. కోస్తాలో ఉన్న మా సంఘాల పెద్దలకు సంస్థానం అంటే పరదేశమే. మమ్మల్ని పరదేశ మిషనరీలు అనేవాళ్ళు. ఆ పేరు వింటే మా ఆయనకు మహా సంబరం. ఆయన కోస్తా మనిషి, అన్నం వదిలి సంగటికి అలవాటు పడ్డవాడు, కాబట్టి ఆయనకు ఆ గౌరవం తగినదే. నాకు మాత్రం నవ్వొచ్చేది. నేను పుట్టి పెరిగింది ఆ తాలూకాలోనే, మంగళవాడలో. పరదేశం అంటే నాకు పుట్టిల్లు.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉండేది. ఒకరోజు మా ఆయన ఉత్తరం తెచ్చి అమ్మకూ నాకూ చదివి వినిపించాడు. కోస్తా నుంచి ఒక పాస్టరుగారు, ఆయన భార్య పరదేశపు పని చూడడానికి వస్తున్నారట. శనివారం దిగి సోమవారం పొద్దున వెళ్తారట. ఆ భార్య పేరు వినగానే నా చేతులు ఆగిపోయాయి. నేను అప్పుడు ఉలవల్లో రాళ్ళు ఏరుతున్నాను. ఆ తర్వాత ఎన్ని రాళ్ళు వదిలేశానో నాకే తెలియదు.

పెళ్ళికి ముందు నేను కోస్తాలో ట్రైనింగు బడిలో చదువుకున్నాను. ఆమె మా హాస్టలు మేట్రను. పదహారేళ్ళ పిల్లను, మూడు పూటలా తెల్లటి అన్నం తిని కూడా సంగటి కోసం ఏడ్చేదాన్ని. ఎవరో ఆ సంగతి మా అమ్మకు చేరవేశారు. మా అమ్మ కూలి మనిషి. రైలు ఎక్కడం అదే మొదలు. రాగిపిండి మూట నెత్తిన పెట్టుకుని, రెండు రోజులు ప్రయాణం చేసి, వాళ్ళనూ వీళ్ళనూ అడిగి దారి కనుక్కుంటూ హాస్టలుకు వచ్చింది. కాపలావాడి భార్య దగ్గర కుండ అడిగి తీసుకుని, గోడ వెనక మూడు రాళ్ళు పెట్టి సంగటి చేసింది. నీలి అంచు గుడ్డలో కట్టి, ఇంకా పొగలు కక్కుతుండగానే నా చేతిలో పెట్టింది.

నేను ఒక్క ముద్ద తుంచానో లేదో, మేట్రను వచ్చింది.

"ఏవిటా నల్లటి ముద్ద? పేడలా ఉంది. ఇక్కడ అన్నం పెట్టట్లేదా నీకు?" అని మూట లాక్కుని, తిన్నగా పశువుల పాకకు వెళ్ళి, గుడ్డ విప్పి కింద పారేసి, సంగటిని కుడితి తొట్టిలో పడేసింది. హాస్టలు గేదె ఒక్క క్షణంలో దాన్ని తినేసింది. తర్వాత ఆమె మా అమ్మవైపు తిరిగి, "లోపలికి రా, అన్నం తిని వెళుదువుగాని" అంది.

"ఆకలి లేదమ్మా" అంది అమ్మ.

రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చిన మనిషికి ఆకలి లేదట. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే అమ్మ నా వీపు నిమిరి, "పోనీలే పాపా, ఎనుము బాగా తినింది" అని, ఖాళీ గుడ్డ దులిపి మడుచుకుని స్టేషనుకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మా అమ్మది మెత్తటి మనసు, ఆమె బదులు నేనే గుర్తుపెట్టుకోవాలి అనుకున్నాను. పెట్టుకున్నాను కూడా.

కాబట్టి ఉత్తరం విన్నప్పుడే నాకేం కావాలో తేల్చుకున్నాను. ఆమె మా ఇంట్లో, మా అమ్మ కళ్ళముందు, సంగటి అడిగి పెట్టించుకుని తినాలి. అంతే. అంతకు తక్కువైతే ఒప్పుకోను.

ఇంట్లో రెండు సేర్ల బియ్యం ఉన్నాయి. కుండతో సహా గాదె వెనక దాచాను. దాస్తుంటే అమ్మ చూసింది, కానీ ఏమీ అనలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

శనివారం పొద్దున వాళ్ళు ఎద్దుల బండిలో దిగారు. పాస్టరుగారు లావాటి మనిషి, నవ్వుముఖం. ఆమె కొంచెం నెరిసింది గానీ ఆ నడక అదే. వెంట పెద్ద రేకుపెట్టె. నన్ను చూసి, "నువ్వు మా బడిపిల్లవే కదూ! ఎంత ఎదిగిపోయావు!" అని బుగ్గ గిల్లింది. నాకు ఒళ్ళు మండింది. అమ్మను చూసి గుర్తుపట్టలేదు. పనిమనిషి అనుకుని కాళ్ళకు నీళ్ళు అడిగింది. అమ్మ తెచ్చి ఇచ్చింది.

"ఇక్కడ బియ్యం దొరుకుతాయా?" అని అడిగింది ఆమె.

"ఈ సీమలో దొరకవమ్మగారూ" అన్నాను కళ్ళు కూడా ఆర్పకుండా.

మధ్యాహ్నం సంగటి, ఉలవకట్టు, ఊరిబిండి పచ్చడి. సంగటి గురించి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. అది వేడిగా ఉన్నప్పుడు వెన్నలాగా జారుతుంది. చల్లారితే గట్టిపడి గొంతులో అడ్డం పడుతుంది. పైగా నమలకూడదు. తుంచి, కట్టులో ముంచి, మింగాలి. ఈ రెండూ నేను వాళ్ళకు చెప్పలేదు. పొగలు వస్తున్న ముద్దలు పళ్ళేల్లో పెట్టి, చేతులు కట్టుకుని, "అయ్యగారూ, మీరే ప్రార్థన చెయ్యండి" అన్నాను.

ఆయన ప్రార్థనలకు కోస్తాలో పెద్ద పేరు. మహారాజావారితో మొదలుపెట్టాడు. దివానుగారు, చక్రవర్తి, చక్రవర్తి భార్య, సముద్రం మీద ఓడల్లో వెళ్ళేవాళ్ళు, చెరసాలల్లో ఉన్నవాళ్ళు, అందరూ అయ్యారు. నేను ఒక కన్ను తెరిచి సంగటి మీద పొగ తగ్గడం చూస్తూ కూర్చున్నాను. చీనాలో కరువు దాకా వచ్చేసరికి పొగ పూర్తిగా పోయింది. "ఆమెన్" అన్నప్పుడు నేను అందరికంటే గట్టిగా అన్నాను.

ఆయన పాపం ముద్ద కొరికాడు. నమిలాడు. నములుతూనే ఉన్నాడు. దవడలు ఆడుతున్నాయి గానీ సంగటి కదలడంలేదు. ఆమె గోరంత తుంచి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, పళ్ళెం పక్కకు జరిపింది. "ప్రయాణం బడలిక. ఆకలి లేదు" అంది.

ఆకలి లేదట. ఆ మాట ఆమె నోట వినగానే నా కోపం ఇంకో మెట్టు ఎక్కింది. ఆకలి లేదనే హక్కు ఈమెకు ఎవరిచ్చారు?

సాయంత్రం ఆమెకు మంచినీళ్ళు ఇద్దామని వెళ్తే, గోడవైపు తిరిగి రేకుపెట్టెలోంచి ఏదో తింటోంది. అటుకులు, సున్నుండలు. నన్ను చూడలేదు. నేను చెంబు పట్టుకుని అలాగే వెనక్కి వచ్చేశాను. ఆ పెట్టె ఉన్నంతకాలం నా పని జరగదని అర్థమైంది.

ఆదివారం పొద్దున రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి అంబలి పోశాను. మాకు అంతకంటే చలవ లేదు. ఆమె గిన్నెలోకి చూసి ముక్కు చిట్లించి, "ఈవేళ నేను ఉపవాసం" అంది. పాస్టరుగారు కూడా గబుక్కున "నేనూ" అన్నాడు.

నాకు దారి దొరికింది.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. ఏట్లో ఇసుక తోడి చెలమ నీళ్ళు తెచ్చుకుంటున్నాం. చెనిక్కాయ విత్తనం నేలలోనే మాడిపోయింది. ఆరాధనకు వచ్చిన పాతికమందీ దిగులుగా ఉన్నారు. ఆరాధన అయిపోగానే నేను లేచి నిలబడ్డాను. "అమ్మగారు మన వానల కోసం ఈరోజు ఉపవాసం ఉంటున్నారు. పొద్దుగూకేదాకా ఉంటారు" అన్నాను.

ఆమె నావైపు చూసింది. నేను తల వంచుకుని భక్తిగా నిలబడ్డాను.

సంఘపెద్ద కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "యాడో పుట్టిన తల్లి మన కోసరం పస్తుంటే మనమెట్ల తింటామప్పా? మనమూ ఆమెతో పాటే కూర్చుందాం" అన్నాడు. ఎవరూ ఇంటికి పోలేదు. ఆడవాళ్ళందరూ ఆమె చుట్టూ చాపల మీద కూర్చుని పాటలు మొదలుపెట్టారు. ఆమె గదిలోకి వెళ్ళబోతే, "ఈడనే పడుకోమ్మా, మేం విసురుతాం" అని నలుగురు విసనకర్రలు పట్టారు. చెంబు తీసుకుని బయటికి వెళ్తే ఇద్దరు తోడు వెళ్ళారు. రేకుపెట్టె గదిలో ఉంది. దానికీ ఆమెకూ మధ్య పాతికమంది భక్తులు ఉన్నారు.

పిల్లల తల్లులు కూడా పస్తున్నారని నాకు కొంచెం కలుక్కుమంది. అబద్ధం ఎందుకు, ఆ కొంచెం కూడా ఎక్కువసేపు ఉండలేదు. మా ఆయనైతే ఆనందంతో తబ్బిబ్బయ్యాడు. మా పల్లెలో ఇంత భక్తి ఎప్పుడూ చూడలేదని, పెద్దలకు ఉత్తరం రాయాలని అన్నాడు. రాశాడు కూడా.

మూడో జాము అయ్యేసరికి ఆమె గొంతు తగ్గింది. పొద్దు వాలేసరికి పెదవులు ఎండిపోయాయి. అప్పుడు అమ్మ పెరట్లో పెద్ద కుండ ఎక్కించింది. ఎసరు మరిగాక పిండి పోసి, కుండ దించి కాళ్ళతో అదిమిపట్టి, తెడ్డుతో కెలకడం మొదలుపెట్టింది. రాగివాసన ప్రార్థన జరుగుతున్న చోటికి వచ్చింది. ఆమె తల అటు తిరగడం నేను చూశాను.

పొద్దుగూకింది. అందరూ పెరట్లో వరసగా కూర్చున్నారు. పొగలు కక్కే ముద్దలు పళ్ళేల్లో పడ్డాయి. పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "సర్వోన్నతుడవైన..." అని మొదలుపెట్టాడు.

"ఆమెన్ అనండి, చాలు!" అంది ఆమె.

ఆయన ఆమెన్ అన్నాడు.

ఆమె ముద్ద కొరకబోతుంటే అమ్మ పక్కన కూర్చుని, "అట్ల కాదమ్మా. ఇట్ల తుంచి, కట్టులో అద్ది, మింగల్ల" అని చూపించింది. ఆమె అలాగే చేసింది. ఒక ముద్ద పూర్తయింది. వేళ్ళు నాకింది. పళ్ళెం ముందుకు చాపి, మా అమ్మతో, "ఇంకొక ముద్ద వెయ్యమ్మా" అంది.

నాకు కావలసింది అదే. ఇన్నేళ్ళూ దాచుకున్నది నాకు దక్కింది. ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంట్లు తోముతున్నప్పుడు ఆగలేక అమ్మ చెవిలో, "చూసినావా మా? అడిగి పెట్టించుకునింది!" అన్నాను.

అమ్మ బూడిద చేత్తో కుండ రుద్దుతూ, "ఆకలైతే ఎవురైనా తింటారు పాపా. అదేం గొప్ప?" అంది.

నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లినట్టయింది. మా అమ్మకు రోషం లేదు, ఇక నేనేం చెయ్యను అనుకుని పడుకున్నాను.

సోమవారం పొద్దున బండి కట్టారు. రేకుపెట్టె ఎక్కించారు. ఆమె ఎక్కి కూర్చుని, కడుపు నిండిన మనిషి తీరుగా అందరికీ వందనాలు చెప్పింది. అప్పుడు అమ్మ ఇంట్లోంచి వచ్చింది. చేతిలో గుడ్డమూట. పొగలు వస్తున్నాయి.

ఆ గుడ్డ నాకు తెలుసు. నీలి అంచు వెలిసిపోయింది గానీ, అదే. ఆరోజు హాస్టలు పాక ముందు దులిపి మడిచిన గుడ్డ. ఇన్నేళ్ళూ అమ్మ దాన్ని ఎక్కడ దాచిందో నేను ఎప్పుడూ చూడలేదు.

"దోవకు సంగటి కట్టినానమ్మా" అని మూట ఆమె ఒళ్ళో పెట్టింది.

"అయ్యో, ఎందుకమ్మా నీకు శ్రమ" అంది ఆమె నవ్వుతూ.

"శ్రమేముండాది" అంది అమ్మ. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "తినల్లేకపోతే పారెయ్యొద్దమ్మా. దోవలో యాడన్నా ఎనుము కనిపిస్తే పెట్టు. ఎనుము బాగా తింటాది."

ఆమె నవ్వు కాసేపు అలాగే ఉంది. తర్వాత మూట వైపు చూసింది, అమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. మళ్ళీ అమ్మ వైపు. అమ్మ బండి పట్టెమీద చెయ్యి వేసి, రెప్ప వెయ్యకుండా ఆమెనే చూస్తూ నిలబడింది. పాస్టరుగారికి ఏమీ అర్థంకాక, "మంచిది, మంచిది" అన్నాడు. ఆమె తల దించుకుంది. అప్పుడు అమ్మ చెయ్యి తీసి, బండివాడితో "ఇంక పోనీప్పా" అంది.

బండి ఏటి ఇసుకలోకి దిగేదాకా చూశాను. ఆమె మూటను రెండు చేతులతో పట్టుకునే ఉంది. పక్కన పెట్టలేదు.

నేను ఉపవాసాలు పెట్టించి, అబద్ధాలు ఆడి, ఊరంతటినీ పస్తుపెట్టి చేసింది పిల్లాట. మా అమ్మ ఒక గుడ్డ దాచుకుని, ఆమె అడిగి తినేదాకా ఆగి, ఒక్క మాట అంది.

లోపలికి వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర గోడకు చేరగిలి కూర్చుని ఉంది. ఖాళీ పళ్ళెం తనే తెచ్చుకుని ముందు పెట్టుకుంది.

"ఆకలిగా ఉండాది పాపా" అంది. "పెట్టు."