కిరాయికి అడిగితే బయటపడ్డ బెడ్‌రూం

కరోనా తగ్గి అశోక్ నగర్ హాస్టళ్లు మళ్లీ నిండుతున్న ఏడాది, చిక్కడపల్లిలో ఇళ్లు అమ్మిపెట్టే ఒక ఆఫీసులో పనికి కుదిరాను. ఇంటర్‌తో ఆగిన చదువు నాది. పేరుకు సైట్ ఎగ్జిక్యూటివ్‌ని. పనల్లా తాళాలగుత్తి పట్టుకుని, వచ్చినవాళ్లకు ఫ్లాట్లు చూపించడం. నా పైన ఓనర్ యాదగిరన్న, నా కింద ఎవరూ లేరు. పెళ్లయ్యాక ఆ పని మానేసి అంబర్‌పేట్‌లో కర్రీ పాయింట్ పెట్టుకున్నాను. అయినా ఇల్లు కొనబోతున్నామని ఎవరన్నా అంటే, కూర కట్టిస్తూనే ఈ సంగతి చెప్పి పంపుతాను.

మేం అమ్మేవన్నీ ఎవరో ఉండి ఖాళీ చేసిన పాత ఫ్లాట్లే. మా లైన్‌లో రీసేల్ అంటారు. అమ్మేవాళ్లు ముందు రంగులు వేయిస్తారు. కొనేవాళ్లు మంచిరోజు చూసుకుని పొద్దున్నే వస్తారు, ఫోన్‌లో దిక్కులు చూసుకుంటారు, నచ్చితే ఆ రోజే టోకెన్ ఇచ్చేస్తారు. టోకెన్ అంటే ఇల్లు మాదేనని ముందుగా ఇచ్చే కొంత సొమ్ము. తర్వాత వెనక్కి తగ్గితే అది తిరిగి రాదు. మంచి ఘడియలో చూస్తే ఏ ఇల్లయినా మంచిగానే కనిపిస్తుంది. తప్పంతా అక్కడే జరుగుతుంది.

లతక్క, నరేశన్న కూడా అట్లాగే వచ్చారు. అక్క ఇంట్లో జాకెట్లు కుడుతుంది, అన్న సుల్తాన్ బజార్‌లో చీరల షాపులో సేల్స్‌మన్. పెళ్లయినప్పటి నుంచీ కిరాయి ఇళ్లే. జీవితంలో ఒక్కసారే కొనగలరు, అది తప్పిపోతే మళ్లీ కొనే దారి లేదు. నేను చూపించింది అశోక్ నగర్‌లో రెండో అంతస్తు, తూర్పు వాకిలి. పక్క ఫ్లాట్ ఆవిడ తలుపు తీసి, "చాలా మంచి బిల్డింగండీ" అని నవ్వింది. బెడ్‌రూంలో ఫాల్స్ సీలింగ్, దాని చుట్టూ నీలం లైట్లు. అన్న ఆ లైట్లకే పడిపోయాడు.

"లతా, సినిమా హాల్ లెక్కుంది! సాయంత్రం ముహూర్తానికి టోకెన్ ఇచ్చేద్దాం."

అక్క మాత్రం తల పైకెత్తి నిలబడిపోయింది. ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసి కుట్టు చూసే మనిషి. "స్వప్నా, హాల్‌కు లేని సోకు ఈ రూంకెందుకే?" అని నన్నడిగింది.

"నీకన్నిట్లో అనుమానమే" అన్నాడు అన్న.

"షాపుల చీరకు మరకుంటె, అది పైకి కనవడకుండ నువ్వు మడత పెట్టవా ఏంది?"

అన్న టైమైందని షాపుకు వెళ్లిపోయాడు. ఆ రూంకే సోకు ఎందుకో నాకూ తెలియదు. కానీ తెలుసుకునే దారి తెలుసు. మధ్యాహ్నం అక్కను మళ్లీ తీసుకెళ్లి, ఈసారి మొదటి అంతస్తులో, బట్టలు ఆరేస్తున్న ఒక పెద్దావిడ దగ్గర ఆగాను.

"అమ్మా, పైన ఫ్లాట్ కిరాయికి ఇస్తరంట కదా, ఎట్లుంటది?"

"కిరాయికా? వద్దమ్మా!" అంది ఆవిడ, క్లిప్పులు చేతిలోనే పెట్టుకుని. "దాని నెత్తిన హాస్టల్ ఉంది. పిల్లలు, పాపం, స్నానం చేసినప్పుడల్లా నీళ్లు ఆ బెడ్‌రూంలోకి కారతాయి. ముందున్నవాళ్లు మంచం మీద బకెట్ పెట్టుకుని, వాళ్లు హాల్లో పడుకునేవాళ్లు. ఇప్పుడేదో సీలింగ్ కట్టి మూసేశారులే."

"కొనేటోళ్లకు గూడ చెప్తరా అమ్మా?" అంది లతక్క.

"వాళ్లకెలా చెబుతామమ్మా? అమ్మేవాళ్ల మొహం చూడాలా వద్దా? రేపు మా ఫ్లాటూ అమ్ముకోవాలి కదా."

అక్క మెట్ల మీదే నిలబడి అన్నకు ఫోన్ చేసింది. అవతల ఆయన అరుపు నాకూ వినిపించింది: "ముహూర్తం పోతది లతా!"

"పోతే పోనీ. మంచం తడవకుంటె చాలు."

టోకెన్ ఎందుకు ఆగిందో తెలిసి, సాయంత్రం యాదగిరన్న నన్ను నిలదీశాడు. "ఏందమ్మా, నువ్వు పని చేసేది నాకా, వాళ్లకా?"

"నీకే అన్నా. వాళ్లు ఇల్లు కొంటరు, మన దగ్గర్నే కొంటరు. ఇది అంటగడితె, బెడ్‌రూంల నీళ్లు కారిన రోజే మన షట్టర్ ముంగట నిలబడతరు."

ఆయన టీ తాగడం పూర్తిచేసి, ఫ్లాట్ ఓనర్‌కు ఫోన్ చేసి, ముందు పైన పైపు బాగుచేయించమన్నాడు. నాకు నారాయణగూడలోని ఇంకో ఇంటి తాళం ఇచ్చాడు.

ఆ ఇంటి గోడలు వెలిసిపోయి ఉన్నాయి. నరేశన్న మొహం ముడుచుకున్నాడు. అక్కడా కిరాయికి అడిగాం. ఎదురింటాయన పొద్దున్నే పాత స్కూటర్‌ను తన్ని తన్ని బిల్డింగ్ మొత్తాన్ని లేపుతాడని ఫిర్యాదు. నీళ్ల గురించి, గోడల గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

"గంతేనా? మనకు అలారం ఖర్చు తప్పింది" అన్నాడు అన్న. అదే కొన్నారు.

మొన్న జాకెట్ కుట్టించుకుందామని లతక్క ఇంటికి వెళ్లాను. పై ఫ్లాట్ కిరాయికి తీసుకుంటే ఎట్లా ఉంటుందని అడుగుతూ కొత్తగా పెళ్లయిన జంట గుమ్మంలో నిలబడ్డారు. అక్క సూది పక్కన పెట్టి, స్కూటర్ సంగతితో మొదలుపెట్టి, లిఫ్ట్ ఎప్పుడు ఆగుతుందో, పై కిటికీలోంచి ఎవరింటి పోపు వాసన వస్తుందో అన్నీ చెప్పేసింది. కొనడానికి వచ్చామని ఉంటే నవ్వి, బాగుంటుందని చెప్పి ఊరుకునేది.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇదే. ఇంట్లో ఒక్కచోటే కొత్తగా మెరుస్తుంటే, దాని వెనక ఏముందో అడగాలి. అడగాల్సింది అమ్మేవాళ్లను కాదు, ఆ మెట్లు రోజూ ఎక్కి దిగేవాళ్లను. అదీ కిరాయికి వచ్చినట్టే అడగాలి.