చేయి మాత్రం మిగిలిన ఫోటో

కత్తిరించే ముందు స్కాన్ చేయకూడదన్నది నా నియమం. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది కానీ అప్పట్లో అదో పెద్ద గొప్ప. కాపీ ఒకటి దాచుకుంటే భయం పోతుంది, భయం పోతే కత్తెర ఇష్టమొచ్చినట్టు పోతుంది అని తోటి డిజైనర్లకి క్లాసు పీకేదాన్ని. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. అన్నీ తెలుసనుకునే వయసు.

నేను పోస్టర్లు చేస్తాను. మూసారాంబాగ్‌లో ఒక పాత పేపర్ల కొట్టుంది. అక్కణ్ణుంచి పాత కేలండర్లు, పెళ్లి కార్డులు, ఎవరెవరివో ఫోటోలు కట్టలుగా తెచ్చుకుని, కోసి, అట్ట మీద అతికిస్తాను. ఫోటోల్లో నాకు చేతులే కావాలి. ముఖం కనిపిస్తే చాలు, జనం దాన్నే చూస్తారు, మిగతా పోస్టర్ గోడ పాలు. అందుకని చేతులు కోసుకుని తక్కినదంతా బుట్టలో వేసేదాన్ని.

ఎల్బీనగర్ దగ్గర, మన్సూరాబాద్‌లో పై వాటా నాది. కింద ఇంటావిడ. ఈ కాలనీలు లేనప్పుడు, ఇవన్నీ పొలాలుగా ఉన్నప్పటి నుంచీ ఉన్న కుటుంబం వాళ్లది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. మా అమ్మ గుంటూరు నుంచి పంపే గోంగూర పచ్చడికి వంద వంకలు పెడుతుంది, గిన్నె మాత్రం నాకి పంపుతుంది. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. నా గదిలో కాగితాల కుప్పలు చూసి ఎలకలొస్తాయని మొదట్లో గొడవ చేసింది. తర్వాత్తర్వాత తనే పొట్లం కట్టిన కాగితాన్ని కూడా సాపు చేసి తెచ్చిచ్చేది.

ఆ ఏడు దసరా ముందు ఇల్లు దులిపింది. రెండు కళ్లకీ శుక్లాలు. ఆపరేషన్ అయ్యాక వంగి పనులు చేయనివ్వరని, ఆ మసక చూపుతోనే అటక మీది సామానంతా దించింది. పాత పంచాంగాల కట్ట ఒకటి తాడేసి బిగించి, నా గుమ్మం దాకా మోసుకొచ్చింది.

"నీకు పాత కాయితాలంటే పానం గద బిడ్డా. బయటోనికి ఇచ్చుడెందుకు, నువ్వే ఉంచుకో."

ఒక పంచాంగం మధ్యలో ఫోటో దొరికింది. ఏదో పెళ్లిలో తీసిన నలుపు తెలుపు ఫోటో. నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. చివరి ఆవిడ చేయి ముందున్న చిన్నపిల్ల భుజం మీద ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపుకి నేను బతుకమ్మ పోస్టర్ చేస్తున్న రోజులవి. పువ్వు పెట్టే చేయి ఒక్కటి కుదరక మూడు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాను. ఆ చేతిని చూడగానే ప్రాణం లేచొచ్చింది. కిందికెళ్లి ఒక మాట అడుగుదామా అనిపించలేదని అబద్ధం చెప్పను. అనిపించింది. ఇచ్చేసింది కదా, మళ్లీ అడిగేదేంటి అనుకున్నాను. అరగంటలో చేయి అట్ట మీదికి చేరింది. మిగతా ముక్కలు మర్నాడు పొద్దున చెత్త ఆటోలో వెళ్లిపోయాయి.

పది రోజులకి పెద్దమ్మ నల్ల కళ్లద్దాలతో, మెట్ల కమ్మీ పట్టుకుని పైకొచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది. మొహం వెలిగిపోతోంది.

"బిడ్డా, గా పంచాంగాలల్ల ఒక ఫోటువ ఉండాలె. జర తీసియ్యి. మా అవ్వది."

వాళ్లింట్లో అవ్వంటే అమ్మ. ఈవిడకి మూడేళ్లప్పుడే పోయిందట. అమ్మ ఎలా ఉంటుందో తెలియకుండానే ఇంత వయసొచ్చింది. మొన్న ఎండాకాలంలో మేనమామ కొడుకు ఇంట్లో ఈ ఫోటో బయటపడితే తెచ్చిచ్చాడట.

"అప్పుడు నాకంత మసక మసకనే. కన్ను జేయించుకున్నంక మంచిగ జూద్దమని పంచాంగంల దాసిన. కట్ట నీకిచ్చేటప్పుడు యాదికి రాలే. ఎల్లుండి పెత్రమాస. పెద్దలకు పెట్టేటప్పుడు ముంగట అవ్వ ఫోటువ పెడదమని. కొసకు నిలబడ్డది అవ్వనంట. ముంగటున్న పోరిని నేనే."

అట్ట తెచ్చి చేతిలో పెట్టాను. కళ్ల దగ్గరికి పెట్టుకుని చూసింది.

"ఇది చెయ్యి గద. మొకమేది?"

"పారేశాను పెద్దమ్మా."

"కంప్యూటర్ల ఉంటది గద?"

"లేదు."

తిడుతుందేమో, తిడితే బాగుండునని చూశాను. తిట్టలేదు. నేను మాత్రం బండి తీసుకుని చెత్త పోసే చోటికి పరుగెత్తాను. కుప్పలో ప్లాస్టిక్ ఏరుకుంటున్న ఒకాయన "ఏం పోయిందమ్మా?" అన్నాడు. ఫోటో అన్నాను. ఎప్పుడని అడిగాడు. పది రోజులైందన్నాను. ఆయన మళ్లీ వంగి తన పని చూసుకున్నాడు.

తిరిగొచ్చేసరికి పెద్దమ్మ నా కుర్చీలోనే ఉంది, అట్ట ఒళ్లో పెట్టుకుని.

"కంప్యూటర్ మొకం గూడ జేస్తదంట గద, బిడ్డా."

"చేస్తుంది. కానీ ఎవరిదో వస్తుంది పెద్దమ్మా, మీ అమ్మది రాదు."

అట్టని తిప్పి వెనకవైపు కూడా చూసింది.

"నువ్వన్న జూసినవ్ గద. ఎట్లుండె మా అవ్వ?"

గుర్తు తెచ్చుకోవాలని నిజంగా చూశాను. ఎన్ని గాజులో చెప్పగలను. చిటికెన వేలి గోరు విరిగిందని చెప్పగలను. ముఖం దగ్గరికొచ్చేసరికి ఏమీ లేదు. నేనసలు చూస్తే కదా.

"మీలాగే ఉంది పెద్దమ్మా," అన్నాను.

"నా లెక్కనా? నాది నాయిన పోలిక అంటరు అందరు."

నేను బల్ల మీది కత్తెర తీసి సొరుగులో పెట్టాను.

"అననియ్యి. గాళ్లకేం ఎరుక. నువ్వు ఫోటువ జూసినవ్."

లేచి, గోడకున్న నా అద్దం ముందుకెళ్లింది. డాక్టర్ తీయొద్దన్న నల్లద్దాలు తీసేసి, బాగైన కంటితో తన మొహాన్నే చూసుకుంటూ నిలబడింది.

"గీ ముక్కేనా?" అని అడిగింది.

"అదే."

"నొసలు?"

"అదీ అంతే."

ఒక్కొక్కటే వేలితో తాకి అడుగుతూ పోయింది. అన్నిటికీ అవుననే చెప్పాను.